చైనా కార్మికులు నిజంగా సోషలిజమే కావాలంటున్నారా?

కొత్తవలస_శ్రీను
మొన్న మా యూనియన్ తరగతిలో పెద్ద గొడవ జరిగింది. ఉపన్యాసం చెప్పడానికి వచ్చిన పెద్దాయన "చైనా కార్మికవర్గం సోషలిజానికి కాపలా కాస్తోంది" అన్నారు. మా మేనమామ కొడుకు లేచి, "నేను అక్కడి నుంచి సరుకు తెప్పిస్తాను, వాళ్లకు డబ్బు తప్ప మరో ధ్యాస లేదు, మనకన్నా పెద్ద పెట్టుబడిదారులు వాళ్లు" అన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ చైనా కార్మికుడి పక్కన కూర్చుని పది మాటలు మాట్లాడినవారు కారు. నాకు ఒళ్లు మండింది.

నా సందేహం ఇది. 2002లో ఈశాన్య చైనాలోని లియావోయాంగ్‌లో జీతాల బకాయిల కోసం వీధికెక్కిన కార్మికులు మావో చిత్రపటం మోశారు. 2018లో దక్షిణాన షెంజెన్‌లో యూనియన్ కోసం నిలబడిన వాళ్లకు మద్దతుగా వచ్చిన విద్యార్థులూ మావో పేరే తలిచారు. "కార్మికవర్గ నాయకత్వం" అని రాజ్యాంగం మొదటి అధికరణంలోనే రాసుకున్న దేశం అది. అక్కడ కార్మికులు ఎవరికి వ్యతిరేకంగా ఆ పటం ఎత్తుతున్నారు? వాళ్లకు పాత రోజులు కావాలా, ఇప్పటి మార్కెట్టే కావాలా? అక్కడ ఉండి వచ్చినవారు, శ్రద్ధగా చదివినవారు చెప్పండి. నినాదాలు వద్దు, అవి నా దగ్గర చాలా ఉన్నాయి.

దుక్కిటెద్దు
ఎవరికైనా కావలసింది నెలాఖరుకు చేతికొచ్చే జీతం. ఇజాలన్నీ ఆ తరవాతే.

తిరుపతి_డాక్టరమ్మ
దుక్కిటెద్దు గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నేను వైద్యవిద్య ఈశాన్య చైనాలోని షెన్యాంగ్‌లో చదివాను. ఆ ఊళ్లో తియేషీ అని ఒక పెద్ద పేట ఉంది. మావో కాలంలో దేశానికి యంత్రాలు తయారుచేసి ఇచ్చిన చోటు. 1950లలో కార్మికుల కోసం కట్టిన ఇళ్లలో కొన్ని ఇప్పుడు మ్యూజియం అయ్యాయి. మా హాస్టల్ సందు చివర పొద్దున్నే సోయా పాలు, నూనెలో వేయించిన పొడుగాటి పిండికడ్డీలు అమ్మే దంపతులు ఉండేవారు. ఆయన ఒకప్పుడు లేత్ మెషిన్ మీద పనిచేశాడు, ఆమె అదే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో.

ఆమె చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది చలికాలం సంగతి. అక్కడ సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోతుంది. గదుల్లో వేడినీటి గొట్టాలు ఉంటాయి, వాటికి కట్టాల్సిన డబ్బు ఫ్యాక్టరీయే కట్టేది. ఇల్లు, ఆసుపత్రి, పిల్లల బడి, చివరికి స్నానాలగది టిక్కెట్టు కూడా ఫ్యాక్టరీదే. ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది ఆ డబ్బు కట్టే దిక్కు లేక గొట్టాలు చల్లబడ్డాయి. ఇంట్లో దుప్పట్లు కప్పుకుని, నోటి నుంచి ఆవిరి వస్తుంటే, కొడుకు లెక్కలు చేసుకునేవాడట. సర్వీసును లెక్కగట్టి ఏడాదికి ఇంత అని ఒక్కసారిగా చేతిలో పెట్టి పంపించేశారు. ఆ డబ్బుతోనే బండి పెట్టుకున్నారు.

"సోషలిజం కావాలా?" అని నేను ఎప్పుడూ అడగలేదు, అలా అడగడం అక్కడ సభ్యత కూడా కాదు. కానీ ఆయన "ఫ్యాక్టరీ అప్పుడు మాది" అనేవాడు. ఆ మాటలో కోపం ఉండేది. దాన్ని పాత రోజుల మీద బెంగ అని కొట్టిపారేస్తే మనకు ఏమీ అర్థం కానట్టే.

అంకెల_రాయుడు
డాక్టరమ్మ గారు చెప్పినదానికి కొలత ఇస్తాను. 1997 తరవాత ప్రధాని ఝూ రోంగ్జీ హయాంలో ప్రభుత్వ సంస్థల ప్రక్షాళన జరిగింది. 1998 నుంచి 2003 వరకు ప్రభుత్వ సంస్థల నుంచి పని పోయినవారు 2 కోట్ల 80 లక్షల మందికి పైగా అని 2004లో చైనా ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రమే చెప్పింది. ఇది ప్రభుత్వ లెక్క. ఇందులో పట్టణ సామూహిక సంస్థల వాళ్లు లేరు.

అంతకుముందు, 1986లోనే, కొత్తగా చేరేవారికి జీవితకాల ఉద్యోగం బదులు కాంట్రాక్టు పెట్టారు. "ఇనుప అన్నం గిన్నె" అని వాళ్లు పిలుచుకున్న భద్రతకు మొదటి దెబ్బ అదే.

ఎర్రమట్టి
ఇక సందేహం దేనికి? డాక్టరమ్మ గారు చెప్పిన ఆ ముసలాయన మాటే జవాబు. ఫ్యాక్టరీ తనది అనుకున్న కార్మికుడు అతను. 1960లో అన్‌షాన్ ఉక్కు ఫ్యాక్టరీ పేరుతో మావో ఆమోదించిన పద్ధతి ఏమిటి? అధికారులు కార్మికులతో కలిసి పనిచేయాలి, కార్మికులు నిర్వహణలో పాల్గొనాలి. 1975, 1978 రాజ్యాంగాల్లో సమ్మె హక్కు స్పష్టంగా ఉంది. 1982 రాజ్యాంగంలో దాన్ని తీసేశారు. మావో తరవాత మార్కెట్ సంస్కరణలు మొదలుపెట్టినవాళ్లు మొదట చేసిన పనుల్లో ఇదొకటి. ఎందుకు తీశారో వేరే చెప్పాలా?

1970 ప్రాంతంలో "చైనా ఛైర్మన్ మా ఛైర్మన్" అని గోడల మీద చదువుకుంటూ పెరిగిన తరం మాది. ఆ కార్మికులు ఓడిపోయారని ఒప్పుకోవడం నాకు సులభం కాదు. కానీ వాళ్లు సోషలిజాన్ని వదిలేశారని మాత్రం ఒప్పుకోను.

షెంజెన్_సరుకు
ఎర్రమట్టి గారూ, మీరు చెప్పేది ఈశాన్యం కథ, ప్రభుత్వ ఫ్యాక్టరీల కథ. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో బల్బులు, ఫోన్లు, బూట్లు చేసేవాళ్లకు ఆ గిన్నె ఎప్పుడూ దక్కలేదు. పల్లెల నుంచి నగరాలకు, పట్టణాలకు వలస వచ్చినవాళ్లు ఇప్పుడు దాదాపు 30 కోట్ల మంది. వాళ్ల హుకౌ, అంటే ఇంటి నమోదు, ఊళ్లోనే ఉంటుంది. నగరంలో పిల్లల బడికి, వైద్యానికి ఇప్పటికీ ఆ కాగితమే అడ్డు. "ఫ్యాక్టరీ మాది" అని ఒక్క రోజు కూడా అనుకోని మనుషులు వీళ్లు.

నేను ఏళ్ల తరబడి ఎల్‌ఈడీ దీపాల సరుకు కోసం అక్కడి ఫ్యాక్టరీలకు వెళ్లాను. ఒకసారి లైన్ మీద పనిచేసే అబ్బాయి తన జీతం చీటీ చూపించాడు. అప్పట్లో షెంజెన్ కనీస వేతనం నెలకు 2,200 యువాన్లు. చీటీలో మూల వేతనం సరిగ్గా అంతే, ఒక్క యువాన్ ఎక్కువ లేదు. దాన్ని నెలకు 21.75 పనిరోజులకు, రోజుకు 8 గంటలకు భాగిస్తే గంటకు 12.64. మామూలు రోజున అదనపు గంటకు ఒకటిన్నర రెట్లు, అంటే 18.97. శని, ఆదివారాల్లో రెండు రెట్లు, 25.29. ఆ నెల అతనికి చేతికొచ్చిన దాంట్లో సగానికి దగ్గరగా అదనపు గంటల డబ్బే. ఫ్యాక్టరీకి ఆర్డర్లు తగ్గి అదనపు గంటలు ఆపేస్తే, కుర్రాళ్లు వారంలో మూటాముల్లె సర్దుకుని పక్క ఫ్యాక్టరీకి పోయేవారు.

ఇప్పుడు చెప్పండి. పన్నెండు గంటలు పని కావాలని అతనే అడుగుతున్నాడు కాబట్టి పెట్టుబడిదారీ విధానం అతనికి ఇష్టమని మీ మేనమామ కొడుకు అంటాడు శ్రీను గారూ. ఆ మూల వేతనంతో బతకలేడు కాబట్టి అడుగుతున్నాడని నేనంటాను.

పాలకొల్లు_పేపర్
వారానికి ఇన్ని గంటలే అని అక్కడ చట్టం లేదా?

షెంజెన్_సరుకు
భేషుగ్గా ఉంది. నెలకు 36 అదనపు గంటలకు మించకూడదని 1994 కార్మిక చట్టం. ఆ అబ్బాయి చీటీలో అదనపు గంటలు 80 దాటాయి. చట్టం గోడ మీద, గంటలు చీటీ మీద.

చేనేత_బిడ్డ
ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. దక్షిణ చైనా ఫ్యాక్టరీల్లో మొదటి తరం కార్మికులు ఎక్కువమంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పల్లెటూరి అమ్మాయిలే. 1993 నవంబరు 19న షెంజెన్‌లో ఝీలీ బొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 87 మంది చనిపోయారు. దొంగతనాలు జరుగుతాయని తలుపులు తాళాలు వేసి, కిటికీలకు కడ్డీలు బిగించారు. పోయినవారిలో దాదాపు అందరూ అమ్మాయిలే. 1994 కార్మిక చట్టం ఆ బూడిద మీదే వచ్చిందని మరిచిపోవద్దు.

అయినా ఆ అమ్మాయిలు ఊరికి తిరిగిపోవాలని ఎందుకు అనుకోలేదు? ఇంట్లో తండ్రి చెప్పిన సంబంధం చేసుకుని, అత్తగారి పొలంలో కూలి లేని పని చేయడం కన్నా, సొంత జీతం, సొంత మంచం, ఆదివారం బజారు వాళ్లకు మెరుగ్గా కనిపించాయి. జీతంలో సగం తమ్ముడి చదువుకు పంపినా, మిగతా సగం తన చేతిలో ఉంటుంది. మా ఊరి నుంచి బట్టల ఫ్యాక్టరీలకు పోయిన పిల్లలూ ఇదే చెబుతారు. ఫ్యాక్టరీని తిట్టే నోటితోనే ఇంటికి మాత్రం రానంటారు. వాళ్లకు మార్కెట్ మీద ప్రేమ ఉందా, కోపం ఉందా అని ఒక్క మాటలో అడిగితే జవాబు రాదు. రెండూ ఉన్నాయి, రెండింటికీ కారణాలున్నాయి.

దుక్కిటెద్దు
చేనేత_బిడ్డ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను జీతం అన్నది అందుకే.

అంకెల_రాయుడు
అభిప్రాయాల మీద సర్వేలు కూడా ఉన్నాయి. మార్టిన్ వైట్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం 2004లో దేశమంతటా అడిగింది, పేదరికానికి కారణం ఏమిటని. ఎక్కువమంది చెప్పినవి సామర్థ్యం లేకపోవడం, కష్టపడకపోవడం. వ్యవస్థ అన్యాయంగా ఉందన్నవారు తక్కువ. అంతకన్నా ఆశ్చర్యం, అందరికన్నా వెనకబడిన పల్లెవాసులే నగరవాసుల కన్నా తక్కువ కోపంగా ఉన్నారు. 2023లో మళ్లీ అడిగినప్పుడు గాలి మారింది. ఇప్పుడు అవకాశాల్లో అసమానత, పలుకుబడి ముందుకొచ్చాయి, కష్టం వెనక్కి పోయింది.

హార్వర్డ్ వాళ్లు 2003 నుంచి 2016 దాకా మరో సర్వే చేశారు. 2016లో కేంద్ర ప్రభుత్వం పట్ల తృప్తి 93 శాతం. మండల స్థాయి ప్రభుత్వం పట్ల 70. 2003లో అయితే ఆ కింది స్థాయికి 44 శాతమే.

ఎర్రమట్టి
రాయుడు గారూ, ప్రభుత్వం మీద మీ అభిప్రాయమేమిటని తలుపు తట్టి అడిగితే ఎవరు నిజం చెబుతారు? అది కూడా ఆ దేశంలో?

అంకెల_రాయుడు
భయమే కారణమైతే కింది ప్రభుత్వం గురించి కూడా భయపడాలి కదా. రోజూ ఎదురుపడేది, కక్ష కట్టగలిగేది వాళ్లే. వాళ్లనేమో ధైర్యంగా తిట్టారు. కేంద్రం మంచిది, మా ఊరి అధికారులు దొంగలు అనే నమ్మకం అక్కడ చాలా పాతది, చాలా లోతైనది. భయం పాత్ర లేదని నేను అనడం లేదు, అన్నీ భయంతో తేలవు అంటున్నాను.

తిరుపతి_డాక్టరమ్మ
రాయుడు గారి చివరి మాట పట్టుకుంటేనే శ్రీను గారి పటం ప్రశ్నకు దారి దొరుకుతుంది. లియావోయాంగ్‌నే తీసుకోండి. అక్కడి ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ దివాలా తీసింది, జీతాలు, పింఛన్లు నెలల తరబడి రాలేదు. మేనేజర్లు దోచుకుని దివాలా తీయించారని కార్మికులు ఏళ్లుగా అర్జీలు పెడుతున్నారు. 2002 మార్చిలో ఆ ఊరి ప్రజా కాంగ్రెస్ (అక్కడి స్థానిక ప్రతినిధుల సభ) అధ్యక్షుడు బీజింగ్‌లో నిలబడి, మా ఊళ్లో నిరుద్యోగులే లేరని చెప్పాడు. అది టీవీలో వచ్చింది. ఇళ్లలో కూర్చుని విన్నవాళ్లు వీధిలోకి వచ్చారు. వేల మంది. వాళ్లు ఎత్తిన పటం మావోది, కోరినది అవినీతిపరుల మీద విచారణ. పార్టీ దిగిపోవాలని కాదు, నువ్వు చెప్పిన మాట మీద నిలబడు అని అడిగారు.

అలా అడిగినా కనికరించలేదు. యావో ఫూషిన్‌కు ఏడేళ్లు, షియావో యున్‌లియాంగ్‌కు నాలుగేళ్లు జైలు పడింది.

కొత్తవలస_శ్రీను
అంటే పటం వాళ్లకు కవచం కూడా అన్నమాట. మావో పటం పట్టుకున్నవాడిని దేశద్రోహి అనడం పోలీసులకు కష్టం.

తిరుపతి_డాక్టరమ్మ
కవచమూ అవును, నమ్మకమూ అవును. ఒకదాన్ని మరోదానితో కొట్టేయవద్దు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో పనిచేసినవాడికి ఆ భాష అరువు తెచ్చుకున్నది కాదు, అతని సొంత భాష.

ఉక్కునగరం
విశాఖ ఉక్కులో పనిచేసి రిటైరైన మనిషిని. 2021లో ఫ్యాక్టరీ అమ్మకం మాట వచ్చినప్పుడు మా గేటు దగ్గర ఒక కుర్రవాడు తోంగ్‌హువా గురించి చదివి వినిపించాడు. జిలిన్ రాష్ట్రంలోని ప్రభుత్వ ఉక్కు ఫ్యాక్టరీ అది. 2009 జులైలో దాన్ని జియాన్‌లోంగ్ అనే ప్రైవేటు కంపెనీ చేతికి ఇవ్వబోయారు. వేల మంది కార్మికులు పని ఆపేశారు. కొత్త మేనేజర్‌గా వచ్చిన చెన్ గువోజున్‌ను జూలై 24న కొట్టి చంపారు. అదే రాత్రి అమ్మకం రద్దయింది.

చంపడాన్ని నేను ఏనాడూ సమర్థించను, మా గేటు దగ్గర కూడా అదే చెప్పాను. పింఛను మీద బతికే పాత కార్మికుడికి నెలకు రెండు మూడు వందల యువాన్లు, ఆ కంపెనీ పెద్దకు లక్షలు అనే మాట అక్కడ అందరి నోటా ఉండేదట. మనిషి ప్రాణం పోయాక గానీ పై అధికారులు వినలేదన్నదే నాకు మింగుడుపడదు. మాకైతే కోర్టు ఉంది, ఎన్నిక ఉంది, ఊరేగింపు ఉంది. వాళ్లకు ఈ మూడూ ఉంటే చెన్ బతికి ఉండేవాడేమో.

పాలకొల్లు_పేపర్
అంత పెద్ద దేశంలో యూనియన్ ఏం చేస్తోంది? ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద యూనియన్ చైనాదే అని ఎక్కడో చదివాను.

నెల్లూరు_న్యాయవాది
నిజమే, అఖిల చైనా కార్మిక సంఘాల సమాఖ్య. 1925లో పుట్టింది, సభ్యులు సుమారు 30 కోట్లు. చట్టం ఒప్పుకునే సంఘం అదొక్కటే. చాలా ఫ్యాక్టరీల్లో సంఘ అధ్యక్షుడు యాజమాన్యం మనిషే, సిబ్బంది విభాగం అధికారో, మేనేజర్ బంధువో. పండగకు నూనె డబ్బా, టవలు పంచుతారు. మీకు చెబితే నమ్మరు, చాలామంది కార్మికులకు తమ ఫ్యాక్టరీలో సంఘం ఉందన్న సంగతే తెలియదు.

2010 మేలో ఫోషాన్‌లోని నాన్‌హాయ్ హోండా విడిభాగాల ఫ్యాక్టరీలో సుమారు 1,800 మంది సమ్మె చేశారు. సరఫరా ఆగి, చైనాలోని హోండా కార్ల ఫ్యాక్టరీలన్నీ నిలిచిపోయాయి. నెలాఖరున పసుపు టోపీలు పెట్టుకున్న స్థానిక సంఘం మనుషులు వచ్చి సమ్మెలో ఉన్నవాళ్లతోనే తలపడ్డారు. తరవాత వాళ్లే క్షమాపణ లేఖ రాయాల్సి వచ్చింది. జీతం నెలకు సుమారు 500 యువాన్లు పెరిగింది. మన చర్చకు పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. సమ్మె చేసినవాళ్లు జీతంతో ఆగలేదు. సంఘం ప్రతినిధులను తామే ఎన్నుకుంటామన్నారు. పాతికేళ్లు నిండని కుర్రాళ్లు, చాలామంది వృత్తివిద్య విద్యార్థులు. వాళ్లకు మావో కాలం తెలియదు, "ఫ్యాక్టరీ మాది" అన్న జ్ఞాపకం లేదు. అయినా ప్రాతినిధ్యం అడిగారు.

ఇంకొకటి. 2006లో కార్మిక ఒప్పంద చట్టం ముసాయిదాను జనం ముందు పెడితే లక్షా 90 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. విదేశీ కంపెనీల సంఘాలు వద్దన్నాయి. 2008 జనవరి 1న అది అమల్లోకి వచ్చిన ఏడాది వివాద పరిష్కార మండళ్ల ముందు కేసులు దాదాపు రెండింతలయ్యాయి. చట్టం పుస్తకాన్ని జేబులో పెట్టుకుని తిరిగే కార్మికుడు పెట్టుబడిదారీ విధానానికి మిత్రుడా, శత్రువా? నా దృష్టిలో తన లెక్క తాను చూసుకునే పౌరుడు.

ఎర్రమట్టి
న్యాయవాది గారూ, పౌరుడు అని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. 2018 సంగతి రాయండి. రాయడానికి మీకు చేతులు రాకపోతే నేను రాస్తాను, నాకు అదే పెద్ద గాయం.

షెంజెన్ పింగ్‌షాన్‌లో జాసిక్ అనే వెల్డింగ్ యంత్రాల ఫ్యాక్టరీ. కొందరు కార్మికులు చట్టప్రకారమే సంఘం పెట్టుకోబోయారు. ఉద్యోగాలు తీసేశారు. జులై చివర్లో సుమారు 30 మందిని పోలీసులు పట్టుకున్నారు. అప్పుడు పీకింగ్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల మార్క్సిజం చదువుకున్న పిల్లలు వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డారు. మార్క్స్ చెప్పింది తరగతిలో విని, నిజమని నమ్మి వచ్చారు. ఆగస్టు 24 తెల్లవారుజామున హుయ్‌ఝౌలో వాళ్లు ఉంటున్న ఇంట్లో చొరబడి సుమారు 50 మందిని తీసుకుపోయారు. డిసెంబరు 26న, మావో 125వ జయంతి రోజున, ఆ జయంతికే వెళుతున్న పీకింగ్ విశ్వవిద్యాలయం మార్క్సిస్టు సంఘం నాయకుడిని దారిలో పట్టుకున్నారు.

ఆ పిల్లల వయసు నా మనవడి వయసు. ఎవరు ఏ పేరు పెట్టుకున్నా, కార్మికుల పక్కన నిలబడినందుకు జైల్లో పెట్టిన ప్రభుత్వాన్ని నేను వెనకేసుకురాను. శ్రీను గారి తరగతికి వచ్చిన ఉపన్యాసకుడిని ఈ ఒక్క సంగతి అడగండి.

షెంజెన్_సరుకు
ఎర్రమట్టి గారూ, మీ మాటకు నా గౌరవం. ఆ పిల్లల ధైర్యానికి కూడా. ఒక్కటే చెబుతాను. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 ఏప్రిల్‌లో డాంగ్వాన్‌లో యూయువాన్ బూట్ల ఫ్యాక్టరీలో 40 వేల మందికి పైగా సమ్మె చేశారు. అక్కడ మార్క్స్ లేడు, మావో లేడు. పాత కార్మికులు కొందరు పింఛను ఖాతా చూసుకునే సరికి కంపెనీ ఏళ్లుగా చట్టప్రకారం కట్టాల్సిన సామాజిక బీమా కట్టలేదని తేలింది. అంతే, మంటలా పాకింది. మార్క్సిస్టు పిల్లల వెనక వచ్చిన కార్మికులు పదుల్లో, పింఛను కోసం వచ్చినవారు వేలల్లో.

ఎర్రమట్టి
పింఛను అడగడం రాజకీయం కాదని ఎవరన్నారు?

రాత్రి_షిఫ్టు
సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ పని, పక్క కుర్చీల్లో సగం మంది చైనా నుంచి వచ్చినవాళ్లే. అందరూ ముప్పై లోపు. వాళ్ల దగ్గర విన్నది రాస్తాను. ఉదయం 9 నుంచి రాత్రి 9, వారానికి 6 రోజులు పని, దాన్ని 996 అంటారు. 2019 మార్చిలో ప్రోగ్రామర్లు దీనికి వ్యతిరేకంగా, తాము కోడు పంచుకునే గిట్‌హబ్ సైటులో ఒక పేజీ పెట్టారు, ఇలా పనిచేస్తే చివరికి ఐసీయూకే అని దాని పేరు. కొద్ది రోజుల్లో లక్షల మంది దానికి నక్షత్రం గుర్తు పెట్టి మద్దతు తెలిపారు. ఏప్రిల్‌లో అలీబాబా కంపెనీ స్థాపకుడు జాక్ మా 996 ఒక వరం అన్నాడు. అప్పటిదాకా పిల్లలు "మా నాన్న" అని ముద్దుగా పిలుచుకున్న మనిషిని ఆ తరవాత "పెట్టుబడిదారు" అనడం మొదలుపెట్టారు. మా చైనా స్నేహితుడి మాటల్లో ఆ పదం ఇప్పుడు తిట్టు. 2021 ఆగస్టులో సుప్రీం ప్రజా న్యాయస్థానం 996 చట్టవిరుద్ధమని చెప్పింది. అతని పాత ఆఫీసులో లైట్లు మాత్రం రాత్రి తొమ్మిదికి ఆరలేదట.

ఇదే కుర్రాళ్లు మావో రచనలు చదువుతున్నారు. మా స్నేహితుడి తాతను సాంస్కృతిక విప్లవంలో వీధిలో నిలబెట్టి అవమానించారు, ఇంట్లో మావో పేరెత్తితే అమ్మ లేచిపోతుంది. వీడు మాత్రం మెట్రోలో ఫోనులో చదువుతాడు. ఎందుకని అడిగాను. "యజమాని ఎందుకు యజమాని అయ్యాడో వివరంగా చెప్పినవాడు ఇంకెవరూ దొరకలేదు" అన్నాడు. మర్నాడే కంపెనీ షేర్లు ఎప్పుడు చేతికొస్తాయో లెక్కేసుకున్నాడు. రెండింటిలోనూ అతను నిజాయతీగానే ఉన్నాడు.

పాలకొల్లు_పేపర్
మెట్రోలో మావో, ఆఫీసులో షేర్లు. మా బాబాయి పొద్దున గీత, సాయంత్రం పేకాట. ఆయన కూడా రెండింటిలోనూ నిజాయతీపరుడే!

చేనేత_బిడ్డ
రాత్రి_షిఫ్టు గారూ, ఇంటింటికీ భోజనం తెచ్చే కుర్రాళ్లు ఏమంటున్నారు? సాఫ్ట్‌వేర్ వాళ్లకు మాట్లాడే తెరలున్నాయి, వీళ్లకు?

రాత్రి_షిఫ్టు
వాళ్లలో చాలామంది ఫ్యాక్టరీ వదిలేసి వచ్చినవాళ్లే. ఫోర్‌మన్ తిట్లు ఉండవు, నా బండి నా ఇష్టం అని మొదట సంతోషం. తరవాత యాప్ నిమిషాలు తగ్గిస్తూ పోయింది. ఎర్ర దీపాలు దాటాలి, తప్పు దారిలో నడపాలి, లేకపోతే కూలిలో కోత. 2020 సెప్టెంబరులో ఒక చైనా పత్రిక దీని మీద పెద్ద కథనం వేస్తే దేశమంతా చదివింది. బీజింగ్‌లో చెన్ గువోజియాంగ్ అనే డెలివరీ కుర్రవాడు వీచాట్‌లో (మన వాట్సాప్ లాంటిది) బృందాలు పెట్టి వేలాది తోటివారిని కలిపాడు. ప్రమాదం జరిగితే ఎవరికి ఫోను చేయాలి, కోత ఎలా ప్రశ్నించాలి, ఇవే అందులో మాటలు. 2021 ఫిబ్రవరిలో అరెస్టు చేశారు, దాదాపు ఏడాది లోపల ఉంచారు. అతను ఏ ఇజమూ మాట్లాడలేదు. మనుషులను కలపడమే నేరమైంది.

కొత్తవలస_శ్రీను
ఇది చదివాక మా ఉపన్యాసకుడి మాటా నిలవదు, మా వాడి మాటా నిలవదు. నాకు ఇంకా ఒకటి అర్థం కాలేదు. ఇన్ని సమ్మెలు జరిగినా అవి కలిసి ఒక ఉద్యమం ఎందుకు కాలేదు?

నెల్లూరు_న్యాయవాది
జీతం అడిగితే చర్చలు, ఇచ్చిపుచ్చుకోవడం. రెండు ఫ్యాక్టరీలు చేతులు కలిపితే జైలు. ఈ గీత 1989 నుంచి చెరగలేదు. ఆ ఏడాది బీజింగ్‌లోని తియానన్మెన్ నిరసనల్లో విద్యార్థులతో పాటు కార్మికులు కూడా స్వతంత్ర సంఘం పెట్టారు. దాని నాయకుల్లో ఒకరు హాన్ డాంగ్‌ఫాంగ్, రైల్వే ఎలక్ట్రీషియన్. విద్యార్థుల కన్నా కార్మికులకే కఠిన శిక్షలు పడ్డాయి. పార్టీ దేనికి భయపడుతుందో అప్పుడే తేలింది.

దుక్కిటెద్దు
గీత గీయడం ఒక్కటే కాదు న్యాయవాది గారూ. వలస కార్మికుడికి ఊళ్లో కుటుంబం పేరు మీద భూమి వాటా ఉంటుంది. భూమి ఊరిది, సాగు హక్కు ఇంటిది, అమ్ముకునే వీల్లేదు. పని పోతే అక్కడికి పోతాడు. 2008 చివర్లో ప్రపంచ మాంద్యం వచ్చి ఫ్యాక్టరీలు మూతపడితే దాదాపు 2 కోట్ల మంది ఊరిదారి పట్టారు, నగరాలు తగలబడలేదు. రైతుని కాబట్టి చెబుతున్నాను, కాలి కింద ఎకరమో అరెకరమో ఉన్నవాడు ఆఖరి దాకా తెగించడు. ఆ భూమిని ఉమ్మడి ఆస్తిగా ఉంచింది సోషలిజమే. ఆ భూమి ఉంది కాబట్టే తక్కువ జీతానికి మనిషి దొరుకుతున్నాడు, దాంతో బాగుపడింది పెట్టుబడి. ఆ రైతుకు ముసలితనంలో వచ్చే పింఛను ఎంతో తెలుసా? 2024లో జాతీయ కనీసం నెలకు 123 యువాన్లు, మన డబ్బులో సుమారు 1,400 రూపాయలు. షెన్యాంగ్ ఫ్యాక్టరీ మనిషికి వేలల్లో వస్తుంది. ఇద్దరూ కార్మికవర్గమే అంటే ఊళ్లో ఉన్నవాడు ఒప్పుకోడు.

తిరుపతి_డాక్టరమ్మ
దుక్కిటెద్దు గారూ, మొదటి పోస్టులో ఇదంతా దాచుకుని ఒక్క వాక్యం రాశారా! మా సందు చివరి ఆయన కూడా పల్లెవాళ్ల గురించి మంచిగా మాట్లాడేవాడు కాదు. "వాళ్లు వచ్చి మా జీతాలు పడగొట్టారు" అనేవాడు. ఎర్రమట్టి గారు అనుకునే ఒకే కార్మికవర్గం అక్కడ నాకు కనిపించలేదు. ఎవరికి ఏ మాట ఇచ్చారో, ఆ మాటను పట్టుకుని వాళ్లు నిలదీస్తున్నారు. ముసలాయనకు ఇచ్చింది జీవితకాల భద్రత. అమ్మాయికి ఇచ్చింది కష్టపడితే పైకొస్తావని. ఇద్దరికీ మాట తప్పారు.

ఎర్రమట్టి
మాట తప్పినవాళ్లు ఒక్కరే అయినప్పుడు, మోసపోయిన ఇద్దరూ ఒకరోజు ఒకరినొకరు గుర్తుపట్టరని ఎందుకు అనుకోవాలి డాక్టరమ్మ గారూ? నేను ఆ ఆశ వదులుకోను.

షెంజెన్_సరుకు
దానికి ఇప్పుడే కారణం పుట్టింది. 2025 జనవరి నుంచి పదవీ విరమణ వయసు పెంచుతున్నారు. పదిహేనేళ్లలో మగవారికి 60 నుంచి 63, ఫ్యాక్టరీ పనిలో ఉన్న ఆడవారికి 50 నుంచి 55. పింఛనుకు కట్టాల్సిన కనీస సంవత్సరాలు కూడా 2030 నుంచి మెల్లగా 15 నుంచి 20కి పోతాయి. నలభై దాటితే లైన్ మీద పని ఇవ్వని ఫ్యాక్టరీలు నేను ఎన్నో చూశాను. 45లో గెంటేసి 55 దాకా ఆగమంటే ఆ పదేళ్లు ఆమె ఏం తినాలి? నగరం మనిషైనా పల్లె మనిషైనా ఈ ప్రశ్న ఒకటే.

కొత్తవలస_శ్రీను
వచ్చే తరగతికి సరుకు గారు చెప్పిన జీతం చీటీ లెక్క బోర్డు మీద వేయిస్తాను, 2,200ను 21.75తో, 8తో భాగించి. జాసిక్ సంగతి ఎర్రమట్టి గారు చెప్పినట్టే అడుగుతాను. చేనేత_బిడ్డ గారూ, మీది మా దగ్గరి ఊరైతే మీరు కూడా రండి. ఆడవాళ్ల సంగతి మా తరగతిలో ఎవరూ మాట్లాడరు.

చేనేత_బిడ్డ
నాది మంగళగిరి. ఆదివారం అయితే వస్తాను. మీ మేనమామ కొడుకును కూడా ఉండమనండి, అతనితో నాకు పని ఉంది.